ఇషిడా గారి బేస్‌మెంట్‌లో బండి గంట

చీకటి పడ్డాక ఆ సందులోకి రమ్మంటే పిజ్జా తెచ్చే కుర్రాళ్ళు కూడా ఫోన్ చేసి, మీరే మెయిన్ రోడ్డు మీదికి రండి అంటారట. చూడ్డానికి వాంకూవర్‌లో అంత మర్యాదస్తుల వీధి ఇంకోటి ఉండదు... చివరనున్న ఇషిడా గారి ఇంటికే చెడ్డపేరు. పొద్దు వాలే వేళకు ఆ ఇంటి బేస్‌మెంట్‌లో గంట మోగుతుంది. కాసేపాగి మళ్ళీ మోగుతుంది... ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు.

ఎదురింటి భీమారావు గారు ఈ కబుర్లన్నీ నవ్వి కొట్టిపారేసేవారు. పల్నాడు వైపు సింగిల్ లైను మీద స్టేషన్ మాస్టరుగా బతుకంతా గడిపి, రిటైరయ్యాక కూతురు కావ్యశ్రీ దగ్గరికొచ్చిన మనిషి. పురుగూ పుట్రా తప్ప తోడులేని స్టేషన్లలో డ్యూటీ చేసినవాడికి దెయ్యాలొక లెక్కా?

కానీ ఒక సాయంత్రం ఆ గంట ఆయన చెవిన పడింది. కాఫీ కప్పు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. అది ఊరికే మోగే గంట కాదు. పక్క స్టేషన్ వాడు "బండి పంపనా?" అని అడిగే గంట.

ఆయన రైల్వే మనిషని ఎవరో చెప్పారట, మర్నాడు ఇషిడా గారి భార్య ఆయన్ని ఇంటికి పిలిచింది. భర్త పోయాక ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. మోకాళ్ళు పట్టేశాయి, బేస్‌మెంట్ మెట్లు దిగే ఓపిక లేదు. టొరంటోలో కొడుకు దగ్గరికి తెల్లారితే ఫ్లైటు. సూట్‌కేసు సర్దిపెట్టుకుంది గానీ, ఇల్లు వదలడానికి మనసు రావట్లేదు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. అయినా రైల్వే మాటలు కాబట్టి ఆయనకు అన్నీ అర్థమయ్యాయి.

జపాన్‌లో ఉత్తరాన, సముద్రం ఒడ్డునే పోయే చిన్న లైను అది. బొగ్గు కోసం వేశారు. గని మూతపడ్డాక చేపల బుట్టలూ బడిపిల్లలే దానికి దిక్కు. లైను చివరి స్టేషన్‌కు ఇషిడా గారు మాస్టరు. దానికి ముందు స్టేషన్‌లో ఆవిడ సొంత తమ్ముడు.

తుఫాను పట్టిన ఒక సాయంత్రం తమ్ముడు గంట కొట్టాడు — బండి పంపనా? మధ్యలో పాత వంతెన. కూలుతుందేమోనని ఇషిడా గారు జవాబివ్వలేదు. మళ్ళీ కొట్టాడు... మళ్ళీ... ఆ తర్వాత గంట మోగలేదు. సముద్రం పొంగి ఆ స్టేషన్‌నీ, ఆగి ఉన్న బండినీ, అందులో జనాన్నీ లాక్కుపోయింది. వంతెన మాత్రం చెక్కుచెదరలేదు. ఆ లైను మళ్ళీ వెయ్యలేదు.

"ఇంకా అడుగుతూనే ఉన్నాడు," గుసగుసగా అంది ఆవిడ. "మా ఆయన పోయేదాకా జవాబివ్వలేకపోయాడు. నాకేమో ఎలా ఇవ్వాలో తెలీదు. వాణ్ణలా వదిలేసి ఎలా వెళ్ళను, రావ్ సాన్?"

భీమారావు గారు ఒక్కరే బేస్‌మెంట్‌లోకి దిగారు. ఇషిడా గారు జపాన్ వదిలేటప్పుడు తన స్టేషన్ నుంచి వెంట తెచ్చుకున్న ఇనప పెట్టె అక్కడుంది, పక్క స్టేషన్‌తో గంటలు కొట్టుకునేది. దాని మీద ఇత్తడి గంట, ముందు జవాబిచ్చే మీట. వెనక రెండు తీగలు... తెగి వేలాడుతున్నాయి.

కిటికీలో వెలుతురు పోయింది.

టంగ్...

పారిపోదామనే అనుకున్నారు, అందులో దాచేదేముంది! కానీ మెట్ల పైన ముసలావిడ ఏడుపు వినిపిస్తోంది. అవతల ఒకడు బండి నిలబెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఏ గంటకూ జవాబు ఎగ్గొట్టని చెయ్యి... దానంతటదే మీట మీదికి వెళ్ళి నొక్కేసింది.

లైన్ క్లియర్... బండి పంపొచ్చు.

నొక్కాక గానీ ఆయనకు గుర్తుకు రాలేదు. లైన్ క్లియర్ ఇచ్చాడంటే, ఆ బండిలో ఉన్న ప్రతి ప్రాణానికీ ఇచ్చినవాడిదే పూచీ. అయ్యో, పొరపాటైంది అంటే కుదరదు.

కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది... ఉప్పునీళ్ళ వాసన... బరువైనదేదో గోడ పక్కకే వచ్చి, బుస్సుమని ఆగింది.

బండి చేరిందని తిరుగు గంట కొట్టారు. అటునుంచి ఇంకేమీ అడగలేదు.

పైకొచ్చాక ముసలావిడ నడుం వంచి దణ్ణం పెట్టింది. రేపు వెళ్తానంది. ఆవిడ మొహం చూస్తే ఆయనకు కడుపు నిండిపోయింది. గుండెల మీద బరువు దిగినట్టై రోడ్డు మీదికొచ్చారు. వాన లేదు, మబ్బూ లేదు. జేబులో ఫోన్ మోగింది — కావ్యశ్రీ.

"నాన్నా, ఎక్కడున్నారు? ఇషిడా ఆంటీ చుట్టాలనుకుంటా, సెండాఫ్‌కి వచ్చినట్టున్నారు. ఇంతమంది కార్లు ఎక్కడ పార్క్ చేశారో ఏమో. పాపం, అందరూ తడిసి ముద్దయి వణికిపోతుంటే లోపలికి పిలిచి కూర్చోబెట్టా. టీ ఇచ్చా, ఒక్కరూ ముట్టుకోవట్లేదు."

ఆయన తలెత్తి చూశారు. ఎదురుగా తమ ఇంటి కిటికీ నిండా తలలు...

"రైల్వే టోపీ పెట్టుకున్న ఒకాయన మీ కోసమే అడుగుతున్నాడు, నాన్నా..." కావ్యశ్రీ గొంతు తగ్గించింది. "ఇక్కణ్ణుంచి వాళ్ళ ఇళ్ళకు దారెటో... స్టేషన్ మాస్టర్ గారే చెప్పాలట."