చింతపిక్కల రేటు పడిపోయిన రోజు

మిరపకాయ బజ్జీల వాసన తగిలితే ఎవరు మాత్రం కుదురుగా ఉంటారు చెప్పండి? బాళగనూరు బళ్ళో ఆవాళ మక్కళ సంతె. అంటే పిల్లలే కొట్లు పెట్టి, పిల్లలే కొనుక్కునే సంత. ఐదో తరగతి దేవికకి నోట్లో నీళ్ళూరిపోతున్నాయి.

కానీ ఓ చిక్కుంది. గిరిజమ్మ టీచర్ ఈసారి రెండు తరగతుల్నీ రెండు దేశాలు చేసేశారు. ఐదో తరగతి డబ్బు చింతపిక్కలు. ఆరో తరగతి డబ్బు కుంకుడు గింజలు. పొద్దున్నే తలా గుప్పెడు పంచారు. ఎవరి కొట్లో వాళ్ళ డబ్బే చెల్లుతుంది. బజ్జీలేమో ఆరో తరగతి వాళ్ళవి!

అందుకే మధ్యలో నిఖిలేశ్ డబ్బు మార్చే బల్ల పెట్టుకుని కూర్చున్నాడు. ముందు రెండు రకాల గింజలతో రెండు బుట్టలు, పక్కన పలక. ఒక కుంకుడు గింజకి ఒక చింతపిక్క అని పలక మీద రాసుంది.

"ఏ గింజలు తగ్గిపోతుంటే వాటి రేటు పెంచు" అని టీచర్ వాడికి చెప్పారు.

దేవిక గుప్పెడు పిక్కలూ రెండు బజ్జీలకే హారతి కర్పూరమైపోయాయి. అప్పుడు తట్టింది. ఇల్లు రోడ్డవతలే కదా! అమ్మమ్మ చింతపండు ఒలిచి దాచిన పిక్కలు డబ్బా నిండా ఉన్నాయి.

‘డబ్బులేమన్నా చెట్టుకి కాస్తాయా అంటాడు నాన్న. కాస్తాయిగా, చింతచెట్టుకి!’ అనుకుంటూ సంచీ నింపుకొచ్చి బల్ల మీద బోర్లించింది.

"ఇన్నెక్కడివే?" అన్నాడు నిఖిలేశ్.

"నీకెందుకు? మార్చు."

కుంకుడు గింజల బుట్ట అడుగంటింది. నిఖిలేశ్ పలక తుడిచి, ఒక కుంకుడు గింజకి రెండు పిక్కలని రాశాడు. కాసేపటికి మూడు. తర్వాత నాలుగు. ఎంతైతే దేవికకేం? కడుపునిండా తిని, నేస్తాలకీ పెట్టింది.

అంతలో వెనక నుంచి వెక్కిళ్ళు వినిపించాయి. చూస్తే ప్రజ్ఞ!

ప్రజ్ఞ దేవిక పక్కనే కూర్చునే పిల్ల. పొద్దుటి నుంచీ ఎండలో బొరుగులమ్మి పన్నెండు పిక్కలు కూడబెట్టింది. ఆరో తరగతి తాయప్ప చేసిన మట్టి ఎద్దుల జత పన్నెండు కుంకుడు గింజలు. ఇంట్లో తమ్ముడు జ్వరంతో పడుకున్నాడు. ఎద్దులు తెస్తానని వాడికి మాటిచ్చింది.

"ఏందే గిట్లయింది? పొద్దుగాల ఒకటికి ఒకటుండె. ఇప్పుడు నా పన్నెండింటికి మూడే ఇస్తాడంట. తమ్మునికేం చెప్పాలె?"

‘అన్ని పిక్కలు కుమ్మరించింది నేనే కదా!’ అనుకుంది దేవిక. పరుగున టీచర్ దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పేసింది.

"రేటు మళ్ళీ ఒకటి చేయమనండి టీచర్!"

"నేను చెబితే బుట్టలో గింజలు పెరుగుతాయా?" అన్నారు గిరిజమ్మ టీచర్. "చింతపిక్కలు కుప్పలుగా వచ్చాయి. వాటికోసం అడిగేవాళ్ళు లేరు. విలువ పడిపోయింది."

దేవికకి మస్కట్‌లో నర్సుగా ఉన్న మాధవీలత పిన్ని గుర్తొచ్చింది. పిన్ని డబ్బు పంపినప్పుడల్లా నాన్న ఫోన్లో రియాల్ రేటు చూస్తాడు.

"నిజం దేశాల్లోనూ ఇంతేనా టీచర్?"

"అక్కడ ఇంకా చాలా సంగతులుంటాయి. కానీ అసలు సంగతి ఇదే. ఒక దేశం సరుకు కావాలంటే ఆ దేశం డబ్బు కావాలిగా? అడిగేవాళ్ళు పెరిగితే దాని విలువా పెరుగుతుంది. మరి మీ దేశంలో ఆరో తరగతి వాళ్ళు ఎగబడి కొనే సరుకేముంది?"

దేవిక కళ్ళు మెరిశాయి. బజ్జీల ధ్యాసలో తన కొట్టే తెరవలేదు! అమ్మ చేసిచ్చిన సున్నుండల డబ్బా మూత తీయగానే నేతి వాసన గుప్పుమంది.

"సున్నుండలోయ్! ఒక్కోటి రెండు చింతపిక్కలు!"

ఆరో తరగతి మొత్తం నిఖిలేశ్ మీద పడింది. "పిక్కలివ్వరా!" "ముందు నాకు!" కుంకుడు గింజలు బుట్టలోకి, పిక్కలు బయటికి. వచ్చిన పిక్కల్ని దేవిక సంచీలో వేసేస్తోంది, ఒక్కటీ ఖర్చు పెట్టడంలేదు. పలక మీద నాలుగు మూడైంది. మూడు రెండైంది.

తాయప్ప కొట్టు ముందు ఇంకో పిల్లాడు ఎద్దుల్ని పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. దేవిక ఇక ఆగలేదు. డబ్బాలో తనకోసం దాచుకున్న సున్నుండల్ని కూడా అమ్మేసింది.

నిఖిలేశ్ పలక తుడిచి, ఒకటికి ఒకటి అని రాశాడు.

ప్రజ్ఞ పన్నెండు కుంకుడు గింజలు పుచ్చుకుని ఒకటే పరుగు. మరుక్షణం రెండు ఎద్దుల్నీ గుండెలకి హత్తుకుని వచ్చింది. "దొరికినయే!" అంది నవ్వుతూ. హమ్మయ్య! దేవికకి అప్పుడు ఊపిరాడింది.

"ఒసే, బజ్జీలింకా ఉన్నాయి. నీ సంచీ నిండుగానే ఉందిగా?" అన్నాడు నిఖిలేశ్.

వాసన అలాగే వస్తోంది. దేవిక సంచీ మూతి గట్టిగా ముడేసింది.

"ఇవి మా అమ్మమ్మవిరా. డబ్బాలోకి పోతాయి" అంది.