కిషన్‌కి రాని రాగం

పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం ఎడమకు తిరిగింది. ఫంక్షన్ హాలేమో కుడివైపు ఉంది.

తిరుమలగిరిలో ఓ గురువారం పొద్దున పదిగంటలకు జరిగిందీ ఘోరం. ముహూర్తం పది నలభై రెండుకి. ముందు రాంగోపాల్‌పేట్ సోమయ్య బ్యాండు, ఎర్రకోట్లలో పదిమంది. వెనక తెల్లగుర్రం సుల్తాన్, దానిమీద పెళ్ళికొడుకు హేమచంద్ర. ఆ వెనక డాన్సు చేసీ చేసీ తడిసి ముద్దయిన చుట్టాలు. బ్యాండు సోమయ్యదే, గుర్రమూ సోమయ్యదే. మూడో వరసలో క్లారినెట్ ఊదుతున్న కిషన్ ఆయన ఒక్కగానొక్క కొడుకు, బీకాం ఫైనలియర్.

సుల్తాన్ సంగతి కొంచెం చెప్పాలి. పదకొండేళ్ళుగా సోమయ్య బ్యాండు అవే పాటల్ని అదే వరసలో వాయిస్తోంది. గుర్రానికి ఆ వరస కంఠతా వచ్చు. మొదటి పాటకు నడుస్తుంది. రెండో పాటకు నిలబడి చుట్టాల డాన్సు చూస్తుంది. ఆఖరి పాటకు హాలు గేటు దగ్గర ఆగి బెల్లంముక్క కోసం నోరు తెరుస్తుంది. పగ్గం పట్టుకోవాల్సిన పనే లేదు కాబట్టి ఆరోజూ ఎవరూ పట్టుకోలేదు.

సరిగ్గా మలుపు దగ్గర, ఓ మేడమీద ట్రాంబోన్ బాకా మోగింది.

ఎవరూ ఎన్నడూ వినని రాగమది. మొదట బస్సు హారన్‌లా గర్రుమంది. అంతలోనే మెత్తబడి, ఎవరినో బతిమాలుతున్నట్టు పైకెళ్ళింది. పదకొండేళ్ళ తర్వాత కొత్తపాట విన్న సుల్తాన్‌కి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ ఇంటి గేటు తోసుకుని వెళ్ళి, రోజా కుండీల మధ్య నిలబడి పైకి చూసింది.

"అరే, నన్నెటు తీస్కపోతుందిది!" అని అరిచాడు హేమచంద్ర.

కిషన్ పరుగెత్తాడు. మేడమీద ఓ అమ్మాయి, బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బించి, కళ్ళు మూసుకుని ఊదుతోంది.

"ఓ మేడమ్! జెర ఆపరాదు! మా గుర్రం పరేషానైతుంది!"

అమ్మాయి ఒక కన్ను తెరిచింది. "గుర్రం మీది, గేటు మాది. పరేషాన్ అవ్వాల్సింది ఎవరు?"

"అరే, పెళ్ళికొడుకున్నడు దానిమీద!"

"చూశాను. హాయ్!" అని హేమచంద్రకి చెయ్యూపింది. పెళ్ళికొడుకు పొద్దుట్నుంచీ ఉన్న అలవాటు కొద్దీ నమస్కారం పెట్టాడు.

ఆమె వాయించడం ఆపింది. ఆపితే మరీ మోసం. సుల్తాన్ అక్కడే పాతుకుపోయింది. బ్యాండు మొదటి పాట వాయించింది, ఆఖరి పాట వాయించింది, బెల్లం చూపించింది, నలుగురు వెనకనుంచి తోశారు. దానికి చీమ కుట్టినట్టయినా లేదు. టైము పది ఇరవై.

గొడవకు లోపల్నుంచి ఆ అమ్మాయి తండ్రి సామ్యూల్ వచ్చాడు. చర్చిలో కాయిర్ మాస్టరు. చేతిలో కీర్తనల పుస్తకం, ముక్కు చివర కళ్ళద్దాలు.

"హదస్సా! మళ్ళీ ఆ సొంత కూతలేనా? గుర్రాలొచ్చేస్తున్నాయి ఇంట్లోకి!"

"ఒక్కటే వచ్చింది డాడీ," అంది హదస్సా.

సోమయ్య చేతులు జోడించాడు. "సార్, ముహూర్తం దాటిపోతుంది. జెర బిడ్డను హాలు దాక ఊదుకుంట రమ్మనుండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

అలా ఇంట్లో వేసుకునే చెప్పులతోనే, చున్నీ నడుముకి చుట్టుకుని, హదస్సా ముందు నడిచింది. సుల్తాన్ బుద్ధిగా వెంట నడిచింది. పక్కన కిషన్. క్లారినెట్ నోట్లో పెట్టుకోవాలన్న సంగతే మర్చిపోయి ఆమెవంకే చూస్తున్నాడు.

ఊపిరి తీసుకునే సందులో ఆమె అడిగింది. "నువ్వు వాయించవా?"

"నేను మూడో వరస."

"అంటే?"

"వాయించినా వాయించకున్నా ఎవరికి ఎర్కగాదు."

హదస్సా నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది. కిషన్ గుండె మాత్రం తాళం తప్పింది. పెళ్ళి సకాలంలోనే అయింది.

*

సుల్తాన్ మారిపోయింది. పాతపాటలు మొదలెడితే ఆవలిస్తోంది. పదిరోజుల్లో ఇంకో పెళ్ళి ఉంది. సోమయ్య కొడుకుని వెంటేసుకుని సామ్యూల్ వరండాలో కూర్చున్నాడు.

"మా అమ్మాయి గుర్రాల ముందు నడవదు," అన్నాడు సామ్యూల్. "ఆ వీడియో కాలనీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. చర్చికి వెళ్తే చిన్నపిల్లలు సకిలిస్తున్నారండీ నన్ను చూసి!"

"ఆ రాగం పుస్తకంలో లేదు డాడీ, నాది. అందుకే గుర్రం కూడా వచ్చింది," అంది హదస్సా.

"అదే తప్పు. కాయిర్‌లో నలభైమంది పాడతారు. ఒక్కరి గొంతు విడిగా వినబడిందంటే వాళ్ళు తప్పు పాడినట్టు."

సోమయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. "మా బ్యాండ్ల సుత గంతే సార్! ఒక్కడు ఇనబడ్డడంటే వాడు తప్పు కొట్టినట్టు."

ఇద్దరూ ఒకర్నొకరు, జాతరలో తప్పిపోయిన అన్నదమ్ముల్లా చూసుకున్నారు. టీ తాగేలోపు ఒప్పందం కుదిరిపోయింది. హదస్సా ఆ రాగాన్ని కిషన్‌కి క్లారినెట్ మీద నేర్పాలి. వచ్చేదాకా ట్రాంబోన్ ఇంట్లో ఉంటుంది. అతనికి వచ్చిన రోజున చర్చి బీరువాలోకి పోతుంది.

"అది తాతయ్య నాకిచ్చింది!" అంది హదస్సా.

"మీ తాతయ్య మిలిటరీ బ్యాండులో పుస్తకం చూసి వాయించేవారు. గుర్రాల్ని పిలిచేవారు కాదు."

ఆమె కళ్ళలో నీళ్ళు కిషన్ చూశాడు. ఆరోజు ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

*

రోజూ నాలుగ్గంటలకు, కాలేజీ అవగానే, మేడమీద పాఠం.

"అక్కడ కిందికి దిగాలి కిషన్."

"దిగిన కద."

"నువ్వు పైకెక్కావు!"

"అట్లనా? నాకు జెర మెల్లగ ఎక్కుతది."

మర్నాడు దిగాల్సిన చోట దిగి, ఆగాల్సిన చోట పరుగెత్తాడు. ఆ మర్నాడు ఆగి, మిగతాదంతా ఊడ్చిపెట్టాడు. కిందగదిలో సామ్యూల్ చెవుల్లో దూది పెట్టుకున్నాడు. హదస్సాకి తల ప్రాణం తోకకొచ్చింది.

"చిన్నప్పట్నుంచీ బ్యాండులో ఏం చేశావు నువ్వు?"

"కోటు ఏస్కున్న."

ఆరోరోజు వాన పడింది. మెల్లిగా కాదు, బిందెతో గుమ్మరించినట్టు. ఇద్దరూ మెట్లగది చూరుకిందికి పరుగెత్తారు. కిషన్ బ్యాగు జారి స్టాటిస్టిక్స్ నోట్సు నేలమీద విచ్చుకుంది. హదస్సా తీసింది. పేజీ నిండా స్వరాలు. పైన ఎర్రసిరాతో అండర్‌లైన్ చేసిన హెడ్డింగు: "తప్పులు, ఆరో రోజు."

ఆమె వెనక్కి తిప్పింది. తప్పులు, ఐదో రోజు. తప్పులు, నాలుగో రోజు.

"ఏంటిది? తప్పులు ముందే రాసుకుని, ప్రాక్టీసు చేసి మరీ వస్తున్నావా?"

కిషన్ వానవైపు చూశాడు. "నిన్న చేసిన తప్పే మల్ల జేస్తే నీకు డౌటొస్తది కద."

"అసలు నీకెప్పుడొచ్చింది నా రాగం?"

"రెండోసారి ఇన్నప్పుడే. మొదటి దినమే."

"మరి?"

"నాకొస్తే నీ బాజా బీరువాల పెడ్తరు," అన్నాడు కిషన్. "అందుకే వస్తలేదు."

హదస్సా బుగ్గలు ట్రాంబోన్ ఊదకుండానే ఎర్రబడ్డాయి.

"ఆ తప్పులన్నీ వరసగా వాయించు."

వాయించాడు. ఒకరోజు తప్పు ఇంకోరోజు తప్పుని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఎక్కకూడని చోట ఎక్కి, అక్కడే కాసేపు కూర్చుని, నవ్వుకుంటూ దిగింది. వాన మధ్యలో ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియలేదు.

"ఇది నా రాగం కాదు కిషన్. ఇది నీది."

ఏ పాటనీ 'నీది' అని అతనితో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ సంతోషం పట్టలేక సైకిల్ అక్కడే మర్చిపోయి, రాంగోపాల్‌పేట్ దాకా నడిచి వెళ్ళిపోయాడు.

*

పెళ్ళిరోజు రానే వచ్చింది. సోమయ్య కొడుకుని మొదటి వరసలో నిలబెట్టాడు. సామ్యూల్ స్వయంగా పరీక్ష చెయ్యడానికి గొడుగుతో వచ్చాడు. పక్కన హదస్సా, ట్రాంబోన్ పెట్టెను రెండు చేతులతో పొదివి పట్టుకుంది. కిషన్ సరిగ్గా వాయిస్తే అది అటునుంచి అటే చర్చికి వెళ్తుంది.

"అరేయ్, నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది బిడ్డా," అన్నాడు సోమయ్య చెవిలో.

గుర్రం మీద కొత్త పెళ్ళికొడుకు వాచీ చూసుకున్నాడు. సుల్తాన్ ఆవలించింది. సరిగ్గా వాయిస్తే హదస్సా గొంతు పోతుంది. వాయించకపోతే నాన్న తల తీసేసినట్టవుతుంది. కిషన్‌కి కోటు లోపల చెమటలు కారాయి. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని తన తప్పులు మొదలెట్టాడు.

"పాయె!" అని సోమయ్య తల పట్టుకున్నాడు.

సుల్తాన్ చెవులు లేచాయి. ఒక్కడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. నేరుగా హదస్సా దగ్గరికెళ్ళి, పెట్టెను ముక్కుతో పొడిచింది.

హదస్సా ఇంక ఆగలేదు. పెట్టె తెరిచి తన రాగం అందుకుంది. ఒకపక్క ఆమె, ఒకపక్క అతను. మధ్యలో గుర్రం, తల అటోసారి ఇటోసారి ఊపుకుంటూ హాలువైపు నడిచింది. ఎవరి పాటకు ఎగరాలో తెలియక చుట్టాలు రెండు జట్లుగా చీలి డాన్సు చేశారు.

"ఆ అబ్బాయి ఒక్క స్వరమైనా సరిగ్గా వాయించడం లేదు!" అన్నాడు సామ్యూల్. అంటూనే ఆయన కుడిచెయ్యి పైకి లేచింది. లేచి, గొడుగుతో తాళం వెయ్యడం షురూ చేసింది. రెండూ విడివిడిగా వినబడుతున్నాయి, రెండూ కలుస్తున్నాయి. నలభైమందితో ముప్ఫై ఏళ్ళుగా ఆయన వెతుకుతున్నది ఇదే. కాయిర్ ముందు నడిపించినట్టు వెనక్కి వెనక్కి నడుస్తూ, గేటు దాకా వాళ్ళిద్దరినీ ఆయనే తీసుకెళ్ళాడు.

సుల్తాన్ బెల్లం తింది. హదస్సా ట్రాంబోన్‌ని పెట్టెలో పెట్టి, తండ్రికి అందించింది.

సామ్యూల్ అందుకోలేదు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"బాబూ, పదిరోజులైంది. మా అమ్మాయి రాగం ఒక్క ముక్కయినా వచ్చిందా నీకు?"

"లేదంకుల్."

"ఒప్పందం ఒప్పందమే. వచ్చేదాకా ఇది ఇంట్లోనే ఉండాలి. నీ వాలకం చూస్తే ఇంకో రెండేళ్ళు పట్టేలా ఉంది."

కిషన్ హదస్సావైపు చూశాడు. ఆమె పెట్టె చాటున నవ్వుతూ, ఏడుస్తూ ఉంది.

"రెండేళ్ళు సరిపోవంకుల్," అన్నాడు. "నాకు జెర మెల్లగ ఎక్కుతది. జిందగీ మొత్తం పడ్తదేమో."

సోమయ్య దగ్గాడు. సామ్యూల్ కళ్ళద్దాల మీంచి ఆ అబ్బాయిని కింది నుంచి పైదాకా చూసి, గొడుగు ముడిచాడు.

"రేపు నాలుగ్గంటలకు రా. మేడమీద కాదు, కింద హాల్లో. నేను ఎదురుగా కూర్చుంటాను."