విడ్బీ దీవిలో పాత ఇల్లు

"ఆ గోడ జోలికి మాత్రం వెళ్లకండి."

ఎత్తిన సమ్మెట ఎత్తినట్టే ఆగిపోయింది. మృదుల ఉలిక్కిపడింది, గోడ గురించి కాదు, ఆ మాట తెలుగులో వినిపించినందుకు. సియాటిల్ పక్కన ఓ దీవిలో, అద్దం లేని కిటికీ అవతల, పసుపు రెయిన్‌కోటులో ఒకాయన తడుస్తూ నిలబడి ఉన్నాడు.

"ఎవరు మీరు?"

"మనోహర్ అంటారండి. మూడిళ్ల అవతల ఉంటాను. వాకింగ్‌కి వెళ్తుంటే ఈ ఇంట్లో ఎవరినో వరంగల్ తెలుగులో తిట్టడం వినపడింది. తీరా చూస్తే గోడ."

మృదుల ముఖం ఎర్రబడింది. "నా ఇల్లు. నా గోడ. నా ఇష్టం."

"కాదనట్లేదండి. కానీ పైకప్పు కూడా మీదే కదా. అది మొత్తం ఆ గోడ మీదే కూర్చుని ఉంది."

"మీరేమన్నా ఇంజినీరా?"

"ఆయ్. ముప్పై ఏళ్లు విమానాలకి రెక్కలు బిగించాను."

"ఇది విమానం కాదు."

"కాదండి. విమానమైతే గాలికి ఇంత కిర్రుమనదు," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం యూట్యూబ్‌లో వెతికితే ఆయన చెప్పిందే నిజమని తేలింది. మృదులకి అదే ఎక్కువ మండింది.

అరవై రెండేళ్ల వయసులో ఎవరైనా ఉన్న ఇల్లు వదిలి ఇలాంటి కొంప కొనుక్కుంటారా అని కూతురు మేధ మూడు నెలలు పోరింది. సియాటిల్ శివారు బాతెల్‌లో మేధ ఇంట్లో మృదులకి గది ఉంది, మనవడున్నాడు, కిచెన్‌లో తిప్పితే వేడినీళ్లొచ్చే పంపుంది. కానీ మృదుల హాస్పిటల్లో మత్తు డాక్టరుగా బతుకంతా పనిచేసింది. మేధకి ఆరేళ్లప్పుడు భర్తతో విడిపోయి, అప్పట్నుంచి ఇంకొకళ్ల టైమ్‌టేబుల్ ప్రకారమే లేచింది, పడుకుంది. రిటైరయ్యాక ఒక్కసారి తన ఇష్టం వచ్చినట్టు బతకాలనుకుంది. సముద్రం కనపడే చిన్న చెక్క ఇల్లు, వందేళ్ల పాతది, నాచు పట్టిన కప్పు. చూడగానే మనసు పారేసుకుంది.

రెండు రోజులు బింకంగా ఉండి మూడోరోజు మనోహర్ ఇంటి తలుపు తట్టింది.

"కూలగొట్టాల్సిన గోడలేవో కాస్త చెబుతారా?"

"చెబుతానండి. కాఫీ తాగుతారా ముందు?"

అలా మొదలైంది.

ఆ శీతాకాలమంతా వాన. పొద్దున్నే మనోహర్ టూల్‌బాక్స్‌తో వచ్చేవాడు. పాత కార్పెట్ పీకి చూస్తే అడుగున ఫర్ చెట్టు చెక్కతో వేసిన ఎర్రటి ఫ్లోరు బయటపడింది. ఇద్దరూ నేలమీద కూర్చుని చిన్నపిల్లల్లా దాన్ని చేతులతో తడిమి చూసుకున్నారు.

"మీరు కాసేపు మాట్లాడకుండా పని చేయలేరా?" అనేది మృదుల.

"మీ పేషెంట్లంతా నిద్రపోయేవాళ్లు కదండి. అందుకే మీకు మనుషులు మాట్లాడితే కొత్తగా ఉంటుంది."

"వాళ్లే నయం. లేచాక థాంక్స్ చెప్పేవాళ్లు."

"థాంక్సండి."

నవ్వు ఆపుకోవడానికి ఆమె కిటికీ వైపు తిరిగేది. కిటికీ అద్దంలో ఆయన తననే చూస్తున్నట్టు కనపడేది. చటుక్కున ఇద్దరూ పనిలో పడేవారు.

ఒక మధ్యాహ్నం పోయిన భార్య గురించి చెప్పాడాయన. నాలుగేళ్లయిందట. ఆవిడ ట్రీట్‌మెంట్‌కి ఇల్లమ్మేసి, తర్వాత ఈ దీవిలో అద్దెకి దిగాడట. "ఇక్కడ నన్నెవరూ పలకరించరని వచ్చాను. నేనే అందర్నీ పలకరిస్తున్నాను," అన్నాడు. మృదుల ఆయన చేతిలోని బ్రష్ తీసుకుని, చల్లారిన కాఫీ వేడి చేసి తెచ్చింది.

మార్చికల్లా కప్పు కారడం ఆగింది. కిచెన్‌లో వేడినీళ్లు వచ్చాయి. గోడలకి లేత పసుపు వేయాలా, తెలుపు వేయాలా అని నాలుగు రోజులు వాదించుకుని, చివరికి పసుపే వేశారు.

ఇంకో డబ్బా పెయింట్ కోసం ఊళ్లో హార్డ్‌వేర్ షాపుకి వెళ్లింది మృదుల. కౌంటర్లో ఉండే పెగ్గీ డబ్బా అందిస్తూ, "మనో వెళ్లిపోతున్నాడటగా, అర్కాన్సాలో బెంటన్‌విల్‌కి. మిస్ అవుతాం," అంది.

మృదుల డబ్బా పట్టుకుని కారులో చాలాసేపు కూర్చుండిపోయింది.

మర్నాడు ఆయన రాగానే మామూలుగా అడిగినట్టే అడిగింది. "బెంటన్‌విల్ వెళ్తున్నారట."

మనోహర్ టూల్‌బాక్స్ కింద పెట్టాడు. "మా అబ్బాయి నీరజ్ ఉండేది అక్కడేనండి. మనవరాలు పుట్టినప్పట్నుంచి రమ్మంటున్నాడు. పోయినేడే వస్తానని మాటిచ్చాను. నెలాఖరుకి లీజు కూడా అయిపోతుంది."

"మంచిది. మనవరాలితో ఉండొచ్చు."

ఆయన కాసేపు ఆమె ముఖంలోకే చూశాడు. "ఇక్కడ ఇంకేమన్నా పని మిగిలిందాండి?"

"ఏం లేదు. మిగిలింది నేను చేసుకోగలను."

"అలాగేనండి," అన్నాడు. వంగి టూల్‌బాక్స్ తెరిచాడు.

తర్వాతి రోజుల్లో ఇద్దరి మధ్యా మర్యాద పెరిగిపోయింది. మర్యాద అంత చేదుగా ఉంటుందని మృదులకి అప్పుడే తెలిసింది. మనోహర్ సామాను లారీలో ముందే వెళ్లిపోయింది. తనకి డ్రైవింగ్ ఇష్టమని, ఆగుతూ ఆగుతూ కారులో వెళ్తానని చెప్పి, శనివారం పొద్దున వచ్చి సెలవు తీసుకున్నాడు.

ఆయన కారు మలుపు తిరిగాక మృదుల లోపలికొచ్చి బ్రష్ అందుకుంది. కిటికీ చట్రానికి ఒక పూత వేసి, వెనక్కి జరిగి, "రంగు మరీ చిక్కగా పడిందంటారా?" అని అడిగింది.

ఇల్లంతా నిశ్శబ్దం. తను ఏరికోరి కొనుక్కున్న నిశ్శబ్దమే.

బ్రష్ డబ్బాలో పడేసి కారు తాళాలు అందుకుంది.

కార్లని అవతలి ఒడ్డుకి చేర్చే ఫెర్రీ రేవు దగ్గర బళ్లు బారుగా ఆగి ఉన్నాయి. వాన దంచుతోంది. తన కారు రోడ్డు పక్కన వదిలేసి, గొడుగైనా లేకుండా ఒక్కో కారులోకీ తొంగి చూస్తూ నడిచింది. వరుసలో మధ్యన మనోహర్ కనపడ్డాడు. అద్దం మీద కొట్టింది.

ఆయన కంగారుగా తలుపు తీశాడు. "ఏమైందండి? ముందు లోపలికి రండి, తడిసిపోతున్నారు."

కూర్చుంది. ఊపిరి అందుకుని మాట మొదలుపెట్టేలోపే లైను కదిలింది. ముందూ వెనకా కార్లు. ఆరెంజ్ జాకెట్ వేసుకున్న మనిషి రమ్మని చెయ్యూపుతున్నాడు. దిగే దారి లేదు. కారు ఫెర్రీ ఎక్కేసింది.

ఇంజన్ ఆపాడు మనోహర్. "మీ కారు?"

"బయట ఉంది. ఆ సంగతి తర్వాత." చీర కొంగు లేదు కాబట్టి స్వెటర్ చేతితోనే ముఖం తుడుచుకుంది. "మొన్న ఏమన్నా పని మిగిలిందా అనడిగారు. పని గురించేనా అడిగింది?"

ఆయన స్టీరింగ్ వైపు చూశాడు. "కాదండి."

"మరి సూటిగా అడగాలి కదా. మీరు వెళ్లిపోయే సంగతి పెయింట్ కొట్టులో నాకు తెలియడమేంటి?"

"తప్పేనండి. చెబితే మీరు సరే వెళ్లండి అంటారేమోనని భయమేసింది. చివరికి అలాగే అన్నారు."

పడవ నెమ్మదిగా ఒడ్డు విడిచింది.

"ఫ్లోరు పని అయిపోకూడదని, కిటికీ కింద ఒకే చోట వారం రోజులు సాండ్‌పేపర్ రుద్దానండి," అన్నాడాయన మెల్లగా.

"తెలుసు. అక్కడ గుంట పడింది."

"చూశారా?"

"చూసి ఊరుకున్నా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఆమె స్వెటర్ చేతితో కళ్లు ఒత్తుకుంది. కోపమొచ్చినా, కన్నీళ్లొచ్చినా ఆమె నోట వరంగలే పలుకుతుంది. "పోకుండ్రి. నేను ఎవర్నీ ఇట్ల అడగలే ఇంతవరకు. మళ్ల అడగమంటే నాకు రాదు."

మనోహర్ పెయింట్ మరకలున్న ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "వెళ్లనండి," అన్నాడు.

అవతలి ఒడ్డున, రేవు పక్కన కాఫీ షాపు ముందు నిలబడి ఉంది మేధ. పొద్దున్నుంచీ ఫోన్ ఎత్తని తల్లిని చూడటానికి దీవికి బయల్దేరి, తర్వాతి ఫెర్రీ కోసం ఆగింది. ఎవరిదో కారులో, తడిసిన జుట్టుతో తల్లి దిగడం చూసి కాఫీ చేతిలోనే మర్చిపోయింది.

"అమ్మా, వాట్ ఈజ్ దిస్? ఎవరు ఈ అంకుల్?"

మృదుల నోరు తెరిచేలోపు మనోహర్ దణ్ణం పెట్టాడు. "మనోహర్ అంటారమ్మా. మీ అమ్మగారింట్లో ఉండిపోదామని వచ్చాను."

మేధ తల్లిని చూసింది. తల్లి తల దించుకోలేదు.

అంతే, వానలో షాపు గొడుగు కింద పెళ్లిచూపులు మొదలయ్యాయి.

"బీపీ ఉందా, అంకుల్?"

"కొంచెం ఉందమ్మా. టాబ్లెట్ వేసుకుంటాను."

"కుకింగ్ వచ్చా?"

"పులుసులు బాగా చేస్తాను. దోసె మాత్రం గుండ్రంగా రాదు."

"మీ సామాను ఎక్కడుంది?"

"లారీలో బెంటన్‌విల్ పోయిందమ్మా. ప్రస్తుతానికి రెండు సూట్‌కేసులు, నేను."

మేధ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "మిమ్మల్ని ఉండమని అమ్మే అడిగిందా?"

"అడిగారమ్మా."

"నేను కాలేజ్‌కి వెళ్లినప్పుడు కూడా అమ్మ ఉండు అనలేదు. జస్ట్ నా బ్యాగ్స్ సర్దింది. కార్ వెళ్లాక ఏడ్చింది అని నైబర్ ఆంటీ తర్వాత చెప్పింది." మేధ కళ్లు తుడుచుకుంది. "సో, అడిగింది అంటే మీరు ఉండాలి, అంకుల్."

మృదుల కూతుర్ని దగ్గరికి లాక్కుంది. తడి స్వెటర్‌తోనే.

తిరుగు ఫెర్రీలో ముగ్గురూ పైడెక్ మీద కూర్చున్నారు. మనోహర్ కొడుక్కి ఫోన్ చేశాడు. "రావట్లేదు నాన్నా. కాదు, ఆరోగ్యం బాగానే ఉంది. చాలా బాగుంది. ఏం చెప్పమంటావ్..." అని తడబడి మృదుల వైపు చూశాడు.

అవతల నుంచి నీరజ్ గొంతు, "మీరెప్పుడూ చెప్పే ఆవిడ పక్కనే ఉన్నారా? ఫోనివ్వండి," అంది.

మృదుల బెరుగ్గా ఫోనందుకుంది. "చెప్పు బాబూ."

"ఆంటీ, నాన్నకి మోకాళ్లు బాలేవు. మీకు చెప్పి ఉండరు. ఆయన్ని నిచ్చెనలు ఎక్కనివ్వకండి, ప్లీజ్."

మృదుల మనోహర్ మోకాళ్ల వైపు చూసింది. ఆయన చప్పున కాళ్లు ముడుచుకున్నాడు.

"ఎక్కనివ్వను బాబూ," అంది మృదుల. "కింద పని చాలా ఉంది. సమ్మర్‌లో పాపని తీసుకుని రండి, చూద్దురుగాని."