నాలుగు తీగల గిటారు

"గిటారు ఏదమ్మా?" అని అత్తగారు అడిగితే, గిన్నె తోముతున్న కోడలు తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. "స్కూలు వాళ్లకి ఇచ్చేశాను అత్తయ్యా. ఇక్కడ దుమ్ము పట్టే బదులు పిల్లలు వాయించుకుంటారు కదా." ఆ మాటలో దుఃఖం లేదు, కోపం లేదు. అందుకే అత్తగారికి భయమేసింది. ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేది. ఇలా నిబ్బరంగా వదిలేసుకున్న మనిషికి ఏం చెప్పగలదు...

ఆ వీధిలో అందరూ కోడల్ని పాటలమ్మాయి అనే పిలిచేవారు. తన పాటలు తానే రాసుకుని, బాణీ కట్టుకుని, గిటారు ఒళ్లో పెట్టుకుని చిన్నచిన్న హాళ్లలో పాడేది. సన్నగా పైపైకి ఎగిరే గొంతు. పధ్నాలుగు నెలల కిందట మెడలో గడ్డ పెరిగి ఊపిరి ఆడకపోతే హడావుడిగా ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది కానీ, గొంతు కిందికి దిగిపోయి మళ్లీ పైకి లేవలేదు. పాత పాట ఎత్తుకుంటే పల్లవి దాటకముందే బొంగురుపోయేది. కొత్త పాట ఒక్క ముక్కా పుట్టలేదు. కొడుకేమో ఓడలో ఇంజను మెకానిక్, ఆరు నెలలకోసారి ఇల్లు చూసే మనిషి. ఫోన్లో "మెల్లగా వస్తుందిలే" అనడం తప్ప పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు?

మర్నాడు అత్తగారు ముందుగదిలో కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. సాయంత్రానికి తనంత ఎత్తున్న పెట్టె ఒకటీ, చిన్న స్పీకరు ఒకటీ మోసుకుంటూ రొప్పుతూ వచ్చింది.

"ఏంటత్తయ్యా ఇది?"

"గిటారేనమ్మా. అన్నిటికీ ఆరు తీగలుంటే దీనికి నాలుగే. నీకు శ్రమ తక్కువని తెచ్చాను."

కోడలు పెట్టె తెరిచి చూసి, కడుపు పట్టుకుని నవ్వింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని! "ఇది బేస్ గిటారు అత్తయ్యా. పాట అడుగున బరువుగా మోగుతుందే, అది. దీన్నొక్కదాన్నే పట్టుకుని ఎవరూ పాడరు. షాపువాడు చెప్పలేదా?"

"నేను చెప్పనిస్తేగా? అంతా తెలిసినదానిలా వేలుపెట్టి చూపించి తెచ్చేసుకున్నాను. రేపే మార్చుకొస్తాలే."

అంటూనే ఆవిడ కుర్చీలో కూలబడింది. కళ్లు నిండిపోయాయి. "నీకొక మాట చెప్పాలి. ఆ రోజు ఆస్పత్రిలో సంతకం పెట్టింది నేను. గొంతు మారిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. నీకు స్పృహ లేదు, వాడికి ఫోను కలవలేదు... పెట్టేశాను. నీ పాటను ఈ చేత్తోనే తీసేశానని రోజూ అనిపిస్తుంది."

కోడలు పెట్టె మూత మెల్లగా దించింది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరు పెట్టమన్నారు అని నువ్వడిగితే, ఏం చెప్పను తల్లీ?"

కోడలు వచ్చి ఆవిడ మోకాళ్ల దగ్గర కూర్చుంది. "మీకే అలా అయితే నేను పెట్టనా? అయినా, మీ గొంతు తగ్గుతుందంటే వీధి వీధంతా వచ్చి సంతకాలు పెట్టేది."

ఏడుస్తున్న మనిషికి నవ్వొచ్చింది. నవ్వుతూ మళ్లీ ఏడ్చింది. ఇద్దరూ అంతే.

"ఒక్కరోజు ఉండనివ్వండి, ఎలా ఉంటుందో చూస్తాను" అని కోడలు ఆ గిటారును తిప్పి పంపనివ్వలేదు. పొద్దున్నే అన్నిటికంటే లావు తీగ మీద బొటనవేలు వేసింది. నేల అదిరినట్టు మెత్తని మోత. దానితో పాటు సన్నగా కూనిరాగం తీసింది. గొంతు తడబడలేదు. ఎక్కలేని మెట్లు ఎక్కమని ఎవరూ తరమడం లేదు కదా! మిషను ముందు కూర్చున్న అత్తగారికి సూదిలో దారం ఎక్కించడానికి చెయ్యి రాలేదు. మధ్యాహ్నానికి పక్కగదిలోంచి మాటలు వినిపించాయి.

"మెట్లు దిగి వచ్చాను... కింది గదిలో దీపం ఉంది..."

ఆ రోజు నుంచి పుట్టిన పాటలు ఆ వీధి ఇంతకుముందు విన్నవి కావు. పాతవి పాడమని ఎవరైనా అడిగితే, "అవి ఆ పాటలమ్మాయివి, నావి వేరే" అనేది కోడలు. ఆ మాట విన్నప్పుడల్లా అత్తగారికి లోపల ఎక్కడో కలుక్కుమనేది. కోడలికీ కలుక్కుమంటుందని తెలుసు. ఇద్దరూ పైకి అనుకునేవారు కాదు.

నెల తిరిగాక ఓ మధ్యాహ్నం, ఇద్దరూ గొంతులు పెంచి వాదించుకుంటున్నారు.

"దీపం వద్దమ్మా. దీపమైతే ఎవరో వచ్చి వెలిగించాలి. కిటికీ అను."

"కింది గదికి కిటికీ ఏంటత్తయ్యా?"

"ఎందుకుండదు? కట్టించుకుంటే ఉంటుంది."

అత్తగారు తల తిప్పితే గుమ్మంలో కొడుకు. భుజాన సంచితో, ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, కళ్లు తుడుచుకుంటున్నాడు.

"వచ్చావా నాయనా," అందావిడ. "చేతులు కడుక్కుని ముగ్గురికీ టీ పెట్టు. మాకింకా రెండో చరణం తేలలేదు."