గొడుగుకొచ్చిన ఐదు స్టార్లు

కొత్త ఎడిటర్ ఉద్యోగంలో చేరిన రోజు చేసిన మొట్టమొదటి పని, తన కోసం వేసిన కుర్చీని తలకిందులు చేసి చూడడం.

చిట్టికి ఒళ్లు మండింది. ఆ కుర్చీని రివ్యూలన్నీ చదివి, స్టార్లు చూసి, ఏరికోరి ఆన్‌లైన్‌లో తెప్పించింది తనే.

"కింద ఏమైనా పారేసుకున్నారా?" అంది.

"లేదండీ. బోల్టులు చూస్తున్నా."

"దానికి నాలుగున్నర స్టార్లున్నాయి."

"స్టార్లు కూర్చోవు కదండీ. కూర్చునేది నేను," అన్నాడతను ఒక బోల్టు బిగిస్తూ, ఎంతో మర్యాదగా.

ఆ మర్యాద ఆమెను ఇంకా మండించింది. అప్పటికప్పుడు మనసులో అతనికి 'అనుమానం గారు' అని పేరు పెట్టేసింది. సాయంత్రానికల్లా ఆ పేరు నోట్లోంచి జారిపోయింది. అతను ఏమీ అనుకోకుండా "ఆఁ, చెప్పండి" అని పలికాడు. ఇక ఆ పేరే ఖాయమైపోయింది.

అది చిట్టి బాబాయి నడిపే రికార్డింగ్ స్టూడియో. స్టూడియో అంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కర్లేదు, రెండో అంతస్తులో రెండు గదులు. బయటి చప్పుళ్లు రాకుండా లోపలి గది గోడల నిండా పాత బొంతలు వేలాడుతుంటాయి. బాబాయి అందులో కూర్చుని పుస్తకాలు పైకి చదువుతాడు. చూపు లేనివాళ్లు, ప్రయాణాల్లో ఉన్నవాళ్లు, చదివే ఓపిక లేనివాళ్లు ఆ గొంతు కోసం ఎదురుచూస్తుంటారు. తలుపు మీద ఎర్ర బల్బు వెలిగిందంటే ఫ్యాను ఆగిపోవాలి, దగ్గు వచ్చినా మింగెయ్యాలి. సామాను కొనడం, ఫైళ్లు సర్దడం చిట్టి పని. బాబాయి తడబడిన చోట్లు కత్తిరించి సాఫు చేయడం ఎడిటర్ పని.

ఎడిటర్‌కి ఒక అలవాటుండేది. రోజూ ఇంటికి వెళ్లేముందు సంచిలోంచి తన సొంత హార్డ్ డ్రైవ్ తీసి, ఆ రోజు రికార్డింగులన్నీ అందులోకి ఇంకోసారి కాపీ చేసుకునేవాడు.

"కంప్యూటర్లో ఉన్నాయిగా, మళ్లీ ఎందుకు?" అని అడిగిందొకసారి చిట్టి.

"కంప్యూటర్‌కి జ్వరమొస్తే?"

"నేనున్నాగా చూసుకోడానికి."

"మీకు జ్వరమొస్తే?"

"అసలు మీరు దేన్నైనా నమ్ముతారా? రివ్యూల్లో ఒక్కటైనా?"

అతను డ్రైవ్ సంచిలో పెట్టుకున్నాడు. "ఏడాది వాడాక రాసిందైతే నమ్ముతా. డబ్బా విప్పిన రోజు ఎవరైనా ఐదు స్టార్లే ఇస్తారు."

చిట్టి మూతి తిప్పుకుంది. కానీ హెడ్‌ఫోన్స్ అందించేటప్పుడు అతని చూపు ఒక్క క్షణం తన మీద ఆగి, దొంగతనం చేసినట్టు పక్కకి వెళ్లిపోవడం ఆమె గమనించకపోలేదు. గమనించినట్టు కనబడకూడదని చాలా కష్టపడేది కూడా.

ఆ వేడుక ఎక్కువ కాలం సాగలేదు. బాబాయి గొంతులో గడ్డ బయటపడింది. ప్రాణానికి భయం లేదు గానీ, ఆపరేషన్ తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోవద్దని డాక్టరు చెప్పేశాడు.

బాబాయి ఆ మాట విని ఇంటికి వచ్చి, చాలాకాలంగా దాచుకుంటున్న ఒక నవల తీశాడు. జీవితమంతా జనాన్ని ఒకే నది దాటించిన పడవవాడి కథ. "తీరికగా చదువుదామనుకున్నానే చిట్టీ. ఇక తీరిక లేదు," అన్నాడు. ఆపరేషన్ తేదీ వచ్చేలోగా పొద్దస్తమానం ఎర్ర బల్బు కింద కూర్చుని ఆ పుస్తకం పూర్తి చేశాడు. చివరి పేజీ చదివి బయటికి వచ్చి, "ఇది చాలు నాకు," అన్నాడు.

ఆ హడావుడిలో కంప్యూటర్ నిండిపోయింది. పెద్ద డ్రైవ్ కావాలి. చిట్టి ఆన్‌లైన్‌లో వెతికితే చౌకగా ఒకటి కనబడింది. వేలల్లో రివ్యూలు, ఐదుకి కొంచెం తక్కువ స్టార్లు. ఆ అంకె చూడగానే మనసు స్థిమితపడింది. ఆర్డరిచ్చింది. అది రాగానే నవల మొత్తం అందులోకి కాపీ చేసింది.

"అంతా ఎక్కించేశాను. చూసుకున్నాను కూడా," అంది ఆ సాయంత్రం, కాస్త గర్వంగానే.

ఎడిటర్ చెయ్యి అప్పటికే సంచిలో ఉంది. అతను ఆమె మొహం వంక చూశాడు. తర్వాత చెయ్యి బయటికి తీసి, సంచి జిప్పు వేసేశాడు. "అయితే సరేనండీ," అన్నాడు. చిట్టి దాని గురించి ఆలోచించలేదు. చోటు కోసం కంప్యూటర్లోని నవలని చెరిపేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. బాబాయికి కొన్ని వారాలు మాట వద్దన్నారు. పలక, బలపం పట్టుకుని చిన్నపిల్లాడిలా మంచం మీద కూర్చున్నాడు. ఇక్కడ స్టూడియోలో ఎడిటర్ నవల పని మొదలుపెట్టాడు.

ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం అతను హెడ్‌ఫోన్స్ తీసి, "ఒకసారి ఇటు రండి," అన్నాడు. ఆ గొంతు విని చిట్టి చేతిలో పని వదిలేసి వచ్చింది. అతనెప్పుడూ అంత మెల్లగా పిలవడు.

పడవవాడి పెళ్లి దాకా బాబాయి గొంతు నిండుగా వినబడింది. ఆ తర్వాతి అధ్యాయంలో ఏమీ లేదు. దాని తర్వాతదాంట్లోనూ లేదు. ఫైలు పేర్లన్నీ వరసగా ఉన్నాయి. నొక్కితే ఒట్టి నిశ్శబ్దం.

"నేను చూసుకున్నానే," అంది చిట్టి. "పేర్లన్నీ ఉన్నాయి. సైజులూ సరిపోయాయి. మొదటిది పెట్టి విన్నాను కూడా."

అతను డ్రైవ్‌కి పరీక్ష పెట్టాడు. చాలాసేపు ఇద్దరూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. "ఇది పైకి చెప్పినంత పెద్దది కాదండీ," అన్నాడు చివరికి. "లోపలున్నది చిన్న మెమరీ కార్డు. పెద్దదాన్నని కంప్యూటర్‌కి అబద్ధం చెబుతుంది. నిండిపోయాక వచ్చినవాటికి పేరు రాసుకుంటుంది, అంతే. శబ్దం దాచుకోదు."

చెరిపేసినవి దొరుకుతాయేమోనని కంప్యూటర్లో వెతికాడు. ఖాళీ చేసిన చోట అప్పటికే వేరే పుస్తకాలు వచ్చి కూర్చున్నాయి.

"అన్ని వేల మంది ఎలా రాశారు మరి బాగుందని?"

అతను ఆ డ్రైవ్ అమ్మిన పేజీ తెరిచి, ఆమె ఎన్నడూ వెళ్లని చోటికి, అన్నిటికంటే పాత రివ్యూల దగ్గరికి వెళ్లాడు. చిట్టి పైకి చదివింది. "మా అమ్మాయి రోజూ స్కూలుకి తీసుకెళ్తోంది. ఎంత గాలికీ తిరగబడలేదు." ఇంకొకటి. "పిడి చేతికి చక్కగా అమిరింది. రంగు దిగలేదు."

ఆమె అయోమయంగా పైకెళ్లి వస్తువు పేరు మళ్లీ చూసింది.

"గొడుగు," అన్నాడతను. "ముందు ఈ పేజీలో మంచి గొడుగు అమ్మారు. స్టార్లు బాగా పోగయ్యాక, బొమ్మా పేరూ మార్చి ఈ డ్రైవ్ పెట్టారు. స్టార్లు మాత్రం అలాగే ఉండిపోయాయి."

నవ్వొచ్చే సంగతే. చిట్టికి నవ్వు రాలేదు. బాబాయి 'ఇది చాలు నాకు' అన్న పుస్తకం. ఇక ఎప్పటికీ తిరిగి రాని గొంతు. దాన్ని తీసుకెళ్లి తన చేతులతో తనే ఒక గొడుగు స్టార్లకి అప్పజెప్పింది.

అంతలో ఆమెకు ఠక్కున గుర్తొచ్చింది. "మీ దగ్గర కాపీ ఉంటుందిగా. మీ సంచిలో. రోజూ తీసుకుంటారుగా."

అతను సంచి వంక చూశాడు.

"చెప్పండీ."

"ఈ పుస్తకానిది తీయలేదు. రోజూ చీకటి పడేదాకా రికార్డింగ్ సాగింది కదా, అయిపోయాక ఒక్కసారే మొత్తం తీసుకుందామనుకున్నా. ఆ రోజు డ్రైవ్ బయటికి తీయబోయా కూడా. మీరు చూసుకున్నానన్నారు."

చిట్టికి ఆ జిప్పు చప్పుడు ఇప్పుడు వినిపించింది. దుఃఖం, కోపం కలిసి ఒక్కసారే ముంచుకొచ్చాయి. "కుర్చీని నమ్మవు. కంప్యూటర్ని నమ్మవు. టీ కూడా వాసన చూసి తాగే మనిషివి. నేను చెబితే ఎందుకు నమ్మావు?"

ఆ 'వు' ఎప్పుడొచ్చి చేరిందో ఇద్దరూ పట్టించుకోలేదు.

"తెలీదు," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "మిగతా అందరి మాటా సరిచూసుకోవాలనిపిస్తుంది. నీ మాట సరిచూడాలనిపించలేదు. చాలా రోజుల నుంచీ అంతే."

బయట రేకుల మీద వాన మొదలైంది. మామూలు రోజైతే ఈ మాటకి చిట్టి ఎగిరి గంతేసేది. ఇవాళ కళ్లు తుడుచుకుని లేచింది. "పద. బాబాయికి చెప్పాలి."

"నేను చెబుతా. తప్పు నాదీ ఉంది."

"ఇద్దరం చెబుదాం."

దారి పొడుగునా తడుస్తూనే నడిచారు. బాబాయి ఇంటి మెట్ల దగ్గర చిట్టి ఆగిపోయింది. అతనూ పక్కనే నిలబడ్డాడు. ఆమె ఊపిరి కూడదీసుకునేదాకా అలాగే నిలబడ్డాడు.

ఎలా చెప్పిందో చిట్టికే గుర్తు లేదు. గొడుగు అన్న మాట మాత్రం రెండు మూడుసార్లు వచ్చింది. బాబాయి మొహంలో ఏమీ కదల్లేదు. అదే భయంగా ఉంది. తిట్టడానికి కూడా గొంతు లేదాయనకి. పలక అందుకుని రాశాడు.

'ఎక్కడిదాకా ఉంది?'

"పడవవాడి పెళ్లి దాకా, బాబాయ్."

ఆయన కళ్లు మూసుకున్నాడు. పోయిన భాగంలో పడవవాడు మనవరాలికి పాడే జోలపాట ఒకటుంది. దాన్ని బాబాయి ఎంత బాగా పాడాడంటే, ఆ రోజు ఎర్ర బల్బు ఆరిపోయాక కూడా చాలాసేపు ఎవరూ ఫ్యాను వేయలేదు. అది పోయిందని ముగ్గురికీ తెలుసు. ఆయన పలక తుడిచి ఇంకేమీ రాయలేదు. చేత్తో మాత్రం చిట్టి తల మీది తడి తుడిచాడు.

మాట్లాడొచ్చని డాక్టరు చెప్పిన మర్నాడే బాబాయి స్టూడియో మెట్లెక్కాడు. గొంతు బొంగురుగా, ఎండుటాకులు తొక్కినట్టుంది. చిట్టి లోపలి గది గాజు అద్దానికి ఇటువైపు బిగుసుకుపోయి కూర్చుంది. నాలుగు వాక్యాలకే ఆయన ఆగిపోయి నీళ్లు తాగుతున్నాడు. ఈ గొంతు విని జనం ఏమంటారో, తన గొంతు తనే విని ఆయన ఏమైపోతాడో అని ఆమెకు ఒకటే గుబులు. ఎడిటర్ బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె వెనక్కి తీసుకోలేదు.

కథలో పడవవాడికి వయసు మీద పడుతోంది. అవతలి గట్టు మీది మనుషుల్ని కేకేస్తే వాళ్లకి అతని గొంతు వినబడడం లేదు. ఆ చోటుకి వచ్చేసరికి ఎడిటర్ వంగి, మీట మీద వేలు పెట్టి కూడా, ఒక్క తడబాటూ కత్తిరించలేకపోయాడు. జోలపాట వచ్చింది. బాబాయి పాడలేదు. మాటల్లాగే, మెల్లగా, ఒక్కొక్కటీ చెప్పాడు. చిట్టి ఏడ్చేసింది.

ఆ భాగం పూర్తి కావడానికి చాలా రోజులు పట్టింది. ఆఖరి రోజున బాబాయి బయటికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఆ పాట పోయినందుకు నాకు బాధేనమ్మా. లేదని అబద్ధం చెప్పను," అన్నాడు. కాస్త ఊపిరి తీసుకున్నాడు. "కానీ ముసలి పడవవాడి మాటలు నా పాత గొంతుతో చదివినప్పుడు నటించాను. ఈసారి ఆ అవసరం రాలేదు."

ఎడిటర్ అప్పటికే సంచిలోంచి డ్రైవ్ తీశాడు. చిట్టి తన వంతుగా ఇంకొకటి తీసింది. ఇద్దరూ చెరొక కాపీ చేసుకుని, డ్రైవులు మార్చుకుని, ఒకరిది ఒకరు మొదటినుంచి చివరిదాకా విని సరిచూసుకున్నారు. బాబాయి ఆ తతంగమంతా గమనిస్తూనే ఉన్నాడు.

"అయితే చిట్టీ," అన్నాడు బొంగురు గొంతుతో, "ఈ అబ్బాయికి ఎన్ని స్టార్లు? మీ నాన్నతో నేను మాట్లాడాలా వద్దా?"

ఎడిటర్ చెవులు ఎర్రబడ్డాయి. మొన్నమొన్నటి దాకా అంకె చూస్తే చాలు నమ్మేసే అమ్మాయి, అతన్ని ఎగాదిగా చూసింది.

"మాట్లాడు బాబాయ్," అంది. "స్టార్లు మాత్రం ఇప్పుడే అడక్కు. ఏడాది కాపురం చేశాక చెబుతా."