జల్లెడ పట్టిన మేత

తెల్లారగానే షెడ్డులోకి వెళ్లిన వెంకటదుర్గ ఒక కోడిని రెండు చేతుల్లోకి తీసుకుని, ఉసూరుమంటూ కిందికి వదిలేసింది. ఈపాటికి చేతులు లాగేసేంత బరువుండాల్సిన కోడి ఇంకా పిల్లలాగే ఉంది. కాటా వెయ్యక్కర్లేదు. రోజూ ఇదే వరస, చూసి చూసి ఆమెకు విసుగు కూడా రావడం మానేసింది.

కోళ్ల మేతలో కలిపే సోయా చెక్క ధర మండిపోతోందని, అందులో కొంత తగ్గించి పొద్దుతిరుగుడు చెక్క కలుపుదామన్నది తనే. కోడి ఎదగడానికి కావాల్సిన లైసిన్ అనే పోషకం ఆ చెక్కలో తక్కువ, దాని పొడి విడిగా కలపాలని మండపేటలో కోళ్ల డాక్టరుగారు చెబితే, అదీ కొలత తప్పకుండా కలుపుతోంది. అయినా కోళ్లు ఎదగవు. తప్పెక్కడుందో ఎంత ఆలోచించినా అంతుపట్టదు.

"చూశావా?" వెనక నుంచి భర్త గణేష్‌బాబు గొంతు. "ఊక తినిపిస్తే కోళ్లెక్కడ పెరుగుతాయి?"

"ఊక కాదండీ. డాక్టరుగారే..."

"డాక్టరుగారొచ్చి అమ్మిపెడతారా వీటిని? ఈ బ్యాచ్ అవగానే షెడ్డు పీకించేస్తా. భీమవరం వాళ్లు ఈ స్థలం చేపల చెరువుకి లీజు అడుగుతున్నారు. నీకూ ఈ చాకిరీ తప్పుతుంది."

కాపురానికొచ్చాక ఈ ఇంట్లో దుర్గ తనది అనుకున్నది ఈ షెడ్డొక్కటే. ఆ మాట చెప్పే ఓపిక కూడా లేక, మేత తేవడానికి కొట్టుగదికి నడిచింది.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల అత్తగారు పాపాయమ్మ ముక్కుకి కొంగు కట్టుకుని, నిన్న సాయంత్రం దుర్గ కలిపి ఉంచిన మేతను జల్లెడ పడుతోంది. పైన మిగిలిన బరకను సంచిలో పోస్తోంది. కింద రాలిన మెత్తటి పొడి బాల్చీలో చేరుతోంది.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారండీ?"

పాపాయమ్మ ఉలిక్కిపడింది. "ఏం లేదమ్మా. మేత మరీ దుమ్ముగా ఉంటే కోళ్లకి దగ్గొస్తుందని మీ మావయ్యగారు అనేవారు. అందుకే ఈ తవుడు తీసేసి గేదెకి పెడుతున్నా. నువ్వు లేచేలోపు కానిచ్చేద్దామని..."

దుర్గ బాల్చీలో చెయ్యి పెట్టింది. "తవుడు కాదత్తయ్యా ఇది, కోళ్లు ఎదిగేదే దీనివల్ల!" అంది. తను కొలిచి కలిపిన పొడులు, చెక్కలోని సారమైన పిండి అంతా ఇక్కడే ఉంది. ఇన్నాళ్లూ కోళ్లకు దక్కింది బరకా, పొట్టూ.

వెనకే వచ్చిన గణేష్‌బాబు అంతా విన్నాడు. "అమ్మా! నిన్నెవరు చెయ్యమన్నారే ఈ పని?"

"ఎవరూ చెప్పలేదురా. నా బాధే అది!" పాపాయమ్మ జల్లెడ కింద పెట్టేసింది. "కూర తరగబోతే 'మీరు కూర్చోండత్తయ్యా'. బట్టలు మడత పెట్టబోతే 'మీరు కూర్చోండత్తయ్యా'. పిల్ల ఒక్కతే చాకిరీ చేసి వాడిపోతుంటే, నేనెంతసేపని కూర్చోనురా? ఆఖరికి ఇలా ముంచేశానన్నమాట."

దుర్గకు కోపం రావాలి. రాలేదు. గౌరవం అనుకుంటూ తను ఆవిడని ఓ మూల కూర్చోబెట్టేసింది, ఇంటెడు పనీ నెత్తినేసుకుని తనూ నలిగిపోయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఇంత ఒంటరిగా ఎలా బతికారో అనిపించి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏవండీ, అత్తయ్యని ఏమీ అనకండి. ఇప్పటినుంచైనా సరైన మేత పడితే కొంత కోలుకుంటాయి. షెడ్డు మాత్రం తీయించకండి, మీకు దణ్ణం పెడతా."

గణేష్‌బాబు బాల్చీలోకి తొంగి చూశాడు. "ఇంకో బ్యాచ్ చూద్దాంలే. భీమవరం వాళ్లకి ఫోన్ చేసి చెప్తా," అంటూ బయటికి నడిచాడు.

దుర్గ బాల్చీలోని పొడిని సంచిలోకి ఒంపి, మేత కలిపే పారను అత్తగారి చేతికిచ్చింది.

"ఇకనుంచి మేత మీరే కలపాలండీ. కొలతలు నేను చెప్తాను."

"నేనా? ఇంత చేశాక కూడానా?"

"మీరేనండీ," అంటూ దుర్గ గోడవార పీట లాక్కుంది. "నేను కాసేపు కూర్చుంటాను."