కూడలి దాటాల్సిన రోజు

అంబులెన్సు నడిపే అమ్మాయికి ఆ రోజు పరీక్ష. బండిని కూడలి దాటించిందా, స్టీరింగు మళ్ళీ ఆమెదే. దాటించలేకపోయిందా, రేపటినుంచి ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తాల్సిందే. ఆమెకంటే పక్క సీటులోని నర్సు కుర్రాడికే కంగారు ఎక్కువగా ఉంది.

నాలుగు నెలల కిందట ఆ కూడలిలోనే లారీ వచ్చి వాళ్ళ బండిని గుద్దింది. ఒంటిమీది గాయాలు మానాయి గానీ, బండి తాళాలు చూస్తే చాలు, ఆమె మొహం తిప్పేసుకునేది. ఆ రోజు ఆ దారిన పొమ్మన్నది కుర్రాడే. అందుకే ఆమె తనతో ముక్తసరిగా మాట్లాడుతోందని లోలోపల కుమిలిపోయాడు.

ఆ భయం పోవడానికి ఆమెకిచ్చే చికిత్స వింతగానే ఉండేది. జరిగినదాన్ని తలుచుకుంటూ, డాక్టరమ్మ అటూ ఇటూ ఆడించే వేళ్ళను కళ్ళతో వెంబడించాలి. ఓస్, ఇంతేనా అనుకుని మనవాడు ఓ మధ్యాహ్నం క్యాంటీన్లో ఆమె కళ్ళముందు తన వేళ్ళు ఆడించేశాడు, అదీ ఫ్యాను రెక్కల్లాగా. పాపం, ఆమె కళ్ళు తిరిగి బల్ల పట్టుకుంది. సంగతి తెలిసి డాక్టరమ్మ పిలిపించి మరీ చీవాట్లు పెట్టింది. భయాన్ని బయటికి లాగడమే కాదు, లాగాక మనిషిని కుదుటపరచడం కూడా తెలియాలి నాయనా అంది.

పరీక్షాధికారి వెనక కూర్చున్నాడు. బండి కదిలింది. కూడలి రానే వచ్చింది. పచ్చలైటు వెలిగినా బండి మాత్రం కదల్లేదు. వెనక ఒకటే హారన్ల మోత. వేళ్ళు వాటంతటవే లేస్తాయేమోనని కుర్రాడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"ఆనాటి లారీ కనిపిస్తోందా?" అన్నాడు మెల్లగా.

"కనిపిస్తోంది. కానీ ఎక్కడో దూరంగా ఉంది. మీదికి రావట్లేదు."

గట్టిగా ఊపిరి పీల్చుకుని గేరు మార్చింది. అంతే, కూడలి వెనకబడిపోయింది!

అధికారి సంతకం పెట్టి దిగిపోయాడు. మనవాడికి గంతులేయాలనిపించింది. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఆ రోజు ఈ దారి చెప్పింది నేనే. నన్ను క్షమిస్తావా?"

ఆమె తెల్లబోయింది. "దానికా ఇన్నాళ్ళూ మొహం వేలాడేసుకున్నావు? నీతో మాట్లాడితే ఏడుపొచ్చేస్తుందని నోరు మూసుకున్నాను, అంతే."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మొదటిరోజు డాక్టరమ్మ, నీకు భయం వేయని చోటు ఒకటి మనసులో తలుచుకో అంది. తోటలూ సముద్రాలూ తలుచుకుంటారట అందరూ."

"నువ్వేం తలుచుకున్నావు?"

"డ్యూటీ అయ్యాక మనం బూట్లు విప్పేసి కూర్చునే మెట్లు. పక్కన నువ్వు. వాగుతూనే ఉన్నావు."

ఆ వాగుడుకాయ అక్కడే, బండిలోనే, బూట్లు విప్పేశాడు. ఆమె చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.